ఊరి పేరు కాదు, నోరు చూసిన డాక్టరమ్మకు

ఒళ్ళు పులిసిపోయింది, రాత్రి బస్సులో కూర్చునే కునుకు. అయినా ఇవ్వాళే రాయాలి, రేపు డ్యూటీలో పడితే ఇక రాయను. ఫోన్లు చేసినవాళ్ళకు, మెసేజ్‌లు పెట్టినవాళ్ళకు ముందు అసలు సంగతి: మా నాయిన బాగున్నాడు. ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం వేసి కడుపు చూడడం) అయింది, మేం భయపడ్డది ఏదీ లేదు. కడుపులోని యాసిడ్ పైకి తన్నుతోంది, గొంతు నుంచి కడుపుకు పోయే గొట్టం కింది భాగమంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉందట. మందులిచ్చారు. ముందు పళ్ళు జివ్వుమనకుండా ప్రస్తుతానికి పూత వేశారు.

పళ్ళకు, కడుపుకు ఏం సంబంధం అని మీరు అడిగినట్టే మేమూ అడిగాం. ఆ సంబంధం కనిపెట్టిన డాక్టరమ్మ కోసమే ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. అచ్చంపేట దిక్కు అమ్మాయి, ఇంకా చదువుకుంటోంది, అంతవరకు చెప్పొచ్చు అనుకుంటున్నా.

మా నాయిన పుట్టింది మర్రిగూడ దిక్కు. నల్గొండ జిల్లా వాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళ మీద గోధుమ రంగు చారలు ఆయనకు మొదటి నుంచీ ఉన్నాయి, వాటితోనే పెళ్ళయింది, వాటితోనే మమ్మల్ని పెంచాడు, ఎవరికీ అడ్డం రాలేదు. వయసులో ఉన్నప్పుడే మిర్యాలగూడ వచ్చి రైస్ మిల్లులో హమాలీగా చేరాడు. అయితే రెండు మూడేళ్ళుగా వేరే గోల మొదలైంది. పైన ముందు పళ్ళు అంచుల దగ్గర పల్చబడి, వెలుతురు కనపడేట్టు అయ్యాయి, కొసలు పెచ్చులు ఊడుతున్నాయి. చల్లనీళ్ళు తాగితే జివ్వు, వేడి చాయ్ తాగితే జివ్వు, ఆఖరికి ఉల్లిగడ్డ కొరికినా దవడ పట్టుకుని కూర్చునేవాడు.

ఎక్కడికి తీసుకెళ్ళినా మొదటి ప్రశ్న ఒక్కటే. "ఏ ఊరు?" మర్రిగూడ దిక్కు అనగానే "అయితే ఫ్లోరైడే" అని చిట్టీ మీద రాసేవాళ్ళు. నోరు సరిగ్గా తెరిపించిన వాళ్ళే తక్కువ. ఒకాయన గుట్కా మానమన్నాడు, జీవితంలో గుట్కా ముట్టని మనిషిని పట్టుకుని. ఇంకొకచోట నలుగురి ముందు "ఏం పెద్దాయనా, ఎప్పుడన్నా పండ్లు తోముతవా?" అన్నారు. బస్తాలు మోసే మనిషి, ఎవడితోనూ మాట పడని మనిషి, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ మాట పడ్డాక ఏం చేశాడంటే, తోముడు పెంచాడు. ఉప్పు, బొగ్గుపొడి కలిపి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బరబరా రుద్దేవాడు. నోట్లోకి పుల్లటి నీళ్ళు వచ్చిన ప్రతిసారీ, నోరు కంపు కొడుతుందేమోనని వెంటనే బ్రష్ పట్టుకునేవాడు. సరిగ్గా అదే పళ్ళను తినేసిందని డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

ఇక ఆ రోజు. హైదరాబాద్‌లో పళ్ళ ఆసుపత్రి ఓపీ, మా వంతు వచ్చేసరికి మూసేసే టైం. ఈ అమ్మాయి కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంది. మా నాయిన తెరవలేదు. మొహం పక్కకు తిప్పుకుని "వాసనొస్తది బిడ్డా, జర దూరం నుంచే సూడు" అన్నాడు. నాకు గుండె జారిపోయింది, మళ్ళీ ఎవరో ఏదో అంటారని. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తొందర పెట్టలేదు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని మిల్లు ముచ్చట్లు అడిగింది: ఎన్నింటికి తింటావు, ఎన్నింటికి పడుకుంటావు, సీజన్‌లో ధాన్యం లారీలు ఎక్కువ వస్తే ఎట్లా అని. ఆయనే మాటల్లో పడి నోరు తెరిచాడు.

చిన్న అద్దం లోపలికి పెట్టి పైపళ్ళ వెనక వైపు చూసింది, నాలుక వైపు. కింద దవడ పళ్ళ మీద చూసింది. అప్పుడు అడిగింది, ఇన్నేళ్ళలో ఎవరూ అడగనిది. "పెద్దనాయినా, రాత్రి పడుకుంటే నోట్లోకి పుల్లనీళ్ళు వస్తయా?"

వస్తయన్నాడు. రోజూ వస్తయన్నాడు. దాన్ని రోగం అనుకోలేదట, పని చేసేవాళ్ళందరికీ వస్తది అనుకున్నాడట.

నన్ను కూడా పిలిచి అద్దంలో చూపించింది. చారలు చిన్నప్పటి ఫ్లోరైడ్‌వే, అందులో అనుమానం లేదు. ఫ్లోరైడ్ మచ్చ పడేది పళ్ళు చిగుళ్ళ కింద తయారవుతున్న వయసులో, ఎనిమిదేళ్ళ లోపు. యాభై దాటాక కొత్తగా పళ్ళు అరిగితే అది అప్పటి నీళ్ళ పని కాదు. బ్రష్ అందని వెనక వైపు కూడా నున్నగా కరిగిపోయి ఉంది, దవడ పళ్ళ మీద గుంటలు పడ్డాయి, లోపలి పసుపు పొర బయటికి కనపడుతోంది. బయటి నుంచి వచ్చే పులుపు అయితే ముందు వైపు ఎక్కువ తింటుందట, లోపలి నుంచి ఎక్కే యాసిడ్ వెనక వైపు తింటుందట. పీహెచ్ అని పులుపుకు ఒక కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ; మామూలు నీళ్ళది 7 దగ్గర ఉంటే, నోట్లో అది 5.5 కంటే కిందికి పోతే పంటి పైపొర కరగడం మొదలవుతుందని, కడుపులో యాసిడ్ 1, 2 దగ్గర ఉంటుందని చెప్పింది. పైగా రాత్రి నిద్రలో లాలాజలం తక్కువ, మింగడం తక్కువ, కడిగేది ఏదీ ఉండదు, పైకొచ్చిన యాసిడ్ అక్కడే నిలబడుతుంది. యాసిడ్ తగిలిన పన్ను కాసేపు మెత్తబడి ఉంటుంది, అప్పుడే బ్రష్ పెట్టి రుద్దితే పైపొర లేచిపోతుంది, ఆ పొర మళ్ళీ పెరగదు. ఇది చెప్తున్నప్పుడు మా నాయిన తల దించుకున్నాడు. ఆ అమ్మాయి ఆయన భుజం మీద చెయ్యి వేసి "నువ్వు తోమక పోలేదు పెద్దనాయినా, శుభ్రంగానే ఉన్నవు" అంది.

నేను బయటికెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను. ఏడ్చానని రాయడానికి సిగ్గేం లేదు.

అక్కడితో వదిలేసినా మాకు చాలు. తన అన్నం డబ్బా టేబుల్ మీద తెరవకుండానే ఉంది. కడుపు డాక్టర్ దగ్గరికి కాగితం రాసిచ్చి, ఎటు పోవాలో తెలియక మేం నిలబడితే తనే మాతో నడుచుకుంటూ వచ్చి ఆ గేటు దాకా దిగబెట్టింది. మా నాయినకు చదువు రాదు. అందుకని ఇంకో కాగితం మీద బొమ్మలు గీసింది: గ్లాసు, బ్రష్, గడియారం, తలవైపు ఎత్తుగా మంచం. అది ఇప్పుడు మా ఇంట్లో గోడకు ఉంది. అడుగుతున్న వాళ్ళ కోసం అందులో ఉన్నది రాస్తున్నా.

పుల్లనీళ్ళు పైకి వస్తే వెంటనే బ్రష్ వద్దు. మంచినీళ్ళతో పుక్కిలించాలి, లేదా గ్లాసు నీళ్ళలో అరచెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఊసేయాలి, మింగొద్దు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తోముకోవాలి, మెత్తని బ్రష్‌తో, రుద్దకుండా. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి, ఎర్ర పళ్ళపొడి అన్నీ బంద్. పేస్ట్ ఫ్లోరైడ్ ఉన్నదే వాడమంది. ఇక్కడ మా నాయిన అదిరిపడ్డాడు, "మళ్ళ ఫ్లోరైడా బిడ్డా?" అని. ఏళ్ళ తరబడి తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది శత్రువు, పేస్ట్‌లో పళ్ళకు రాసి ఊసేస్తే అదే కాపలా అని ఓపికగా చెప్పింది. తోమాక ఊసేయడం వరకే, వెంటనే నీళ్ళతో కడిగేసుకోవద్దట.

తిన్నాక మూడు గంటల దాకా నడుం వాల్చొద్దు. మా నాయినేమో రాత్రి లోడింగ్ మధ్యలో పన్నెండింటికి కారం కారంగా తిని అప్పుడే గోనె సంచుల మీద పడుకునేవాడు. మంట పుడితే బండి దగ్గర నిమ్మసోడా తాగేవాడు, గ్యాస్ పోతుందని. యాసిడ్ మీద యాసిడ్. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు లేపమన్నారు, ఉత్త దిండ్లు పెడితే మెడ ఒక్కటే వంగుతుందట. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. కడుపు డాక్టర్ చెప్పినవి: నడుం నొప్పికని వాడుతున్న గోళీలు ఆపాలి, పాంటాప్రజోల్ మంట పుట్టినప్పుడు కాదు, పొద్దున పరగడుపున తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, ఎన్నాళ్ళో ఆయన చెప్పినన్నాళ్ళే. ముందు యాసిడ్ అదుపులోకి రావాలి, పళ్ళకు క్యాపులు ఆ తర్వాతే, లేకపోతే క్యాపు చుట్టూ ఉన్న పన్ను కరుగుతూనే ఉంటుంది. ఒక్క మాట, ఛాతీలో మంట లేకుండానే కొందరికి ఇది నడుస్తుందట, అప్పుడు మొదట చెప్పేది పళ్ళేనట.

మంచి మాటల మధ్య ఇది రాయొద్దనుకున్నా, కానీ ఆగట్లేదు. పళ్ళకు ఒక బిల్డింగ్, కడుపుకు ఇంకో బిల్డింగ్, ఒకరి చిట్టీ ఇంకొకరు చదవరు. ఇక్కడి నుంచి తెల్లవారుజామున బయల్దేరితే ఓపీ మూసే టైంకి చేరుతాం, రేపు రమ్మంటారు. రేపు అంటే ఒక కూలీ పోయినట్టు, ఇద్దరి చార్జీలు పోయినట్టు. కార్డు తీసి చూపిస్తే పళ్ళకు వర్తించదన్నారు. పళ్ళేమన్నా ఒంటికి వేలాడదీసిన నగలా? నమిలి తినేది వాటితోనే కదా. ఒక చదువుకునే పిల్ల తన తిండి మానుకుని నడిస్తే తప్ప ఒక మనిషి నోరు, కడుపు ఒకచోట చేరలేదు. ఆ అమ్మాయి ఆ రోజు సెలవులో ఉంటే? సరే, ఆపుతున్నా.

అమ్మ, చెల్లె, బావ చేసినవి చేసినట్టే, వాళ్ళకు థ్యాంక్స్ చెబితే తిడతారు.

నేను చెప్పడం మర్చిపోయినవాళ్ళు: మిల్లులో మేస్త్రి, నాయినను పగటి డ్యూటీకి మార్చాడు, అడగకుండానే. ఎండోస్కోపీ రోజు లోపలికి రానివ్వకపోతే నాయిన చెప్పులు, ఫోన్ తన దగ్గర పెట్టుకున్న సూర్యాపేట పెద్దమ్మ. ఎల్బీనగర్‌లో చిల్లర లేకపోతే పోనీలే అన్న ఆటో అన్న. మంచానికి ఇటుకలు ఇచ్చిన పక్కింటి మల్లన్న, కట్టే గోడలోంచి తీసి ఇచ్చాడు. ఇంకా ఎవరైనా మిగిలితే కామెంట్‌లో తిట్టండి, కలుపుతా.

ఆ, చూడ్డానికి వస్తామంటున్న వాళ్ళకు: రండి. బత్తాయిలు మాత్రం తేకండి, ఇప్పటికే రెండు సంచులు ఉన్నాయి, ఈయనేమో రోజంతా జ్యూస్ చప్పరిస్తూ కూర్చుంటున్నాడు, అది వద్దనే చెప్పారు.