బ్యాటరీ మార్చే ముందు బండిని ఒక రాత్రి మా దగ్గర వదలండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ నుంచే కాక ములుగు, పరకాల, జనగామ వైపు నుంచి కూడా పాత స్పోర్ట్స్ కార్లు తెచ్చే మా కస్టమర్లందరికీ నమస్తే.

ఈ నెల నుంచి మా షాపులో ఒక పద్ధతి మారుస్తున్నాం. "బ్యాటరీ వీక్ అయింది, కొత్తది వేసేయండి" అంటూ వచ్చిన బండికి వెంటనే బ్యాటరీ అమ్మం. ముందు చెకింగ్ చేస్తాం. అందుకు బండి ఒక రాత్రి మా దగ్గర ఉండాలి. చెకింగ్‌కు చార్జీ విడిగా ఉంటుంది. లోపం బ్యాటరీలోనే ఉందని తేలినా, ఏ లోపమూ లేదని తేలినా ఆ చార్జీ తీసుకుంటాం. కొందరికి ఇది నచ్చదని తెలుసు, అందుకే కారణం వివరంగా రాస్తున్నాం.

ఆక్టావియా ఆర్‌ఎస్, సిటీ వీటెక్, పాలియో జీటీఎక్స్ లాంటి బండ్లను ఇప్పుడు ఎవరూ రోజూ తీయడం లేదు. ఆదివారం రామప్ప దాకానో లక్నవరం దాకానో వెళ్లొచ్చి కవర్ కప్పేస్తున్నారు. ఎక్కువగా వినే కంప్లయింట్ ఒకటే: కొత్త బ్యాటరీ వేసి నెల కాలేదు, మళ్లీ సెల్ఫ్ తీసుకోవడం లేదు, బ్యాటరీ డూప్లికేటా? బ్యాటరీ దిగడానికి కారణాలు మూడు. డైనమో (ఆల్టర్నేటర్) బ్యాటరీని సరిగా నింపకపోవడం, బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎటో పోతుండడం, లేదా బ్యాటరీకే పట్టు లేకపోవడం. కొత్త బ్యాటరీ వేస్తే తీరేది మూడోది మాత్రమే. మొదటి రెండూ అలాగే ఉంటే కొత్తది కూడా పాడవుతుంది. సగం దిగిన స్థితిలో వారాల తరబడి ఉన్న ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పాత కెపాసిటీ రాదు. వారంటీకి తీసుకెళ్తే డిశ్చార్జ్ అయిన బ్యాటరీ తయారీ లోపం కిందికి రాదని వెనక్కి పంపుతారు.

బండి రాగానే ముందు హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, కాసేపయ్యాక వోల్టేజ్ చూస్తాం. అప్పుడే నడిచొచ్చిన బండిలో పైపై చార్జ్ వల్ల మీటర్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం, 12.0 కంటే తగ్గితే బాగా దిగినట్టు. మూతలు తీసే బ్యాటరీ అయితే లోపలి యాసిడ్ సాంద్రత చూసే హైడ్రోమీటర్ పెడతాం. నిండు చార్జ్ మీద అన్ని సెల్స్ 1.265 దగ్గర ఉండాలి. ఒక్క సెల్ మిగతావాటి కంటే 0.050 తేడా చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజ్ 9.6 కంటే కిందికి పోకూడదు. చార్జ్ నిండుగా ఉండి కూడా అంతకంటే కిందికి పోతుంటే బ్యాటరీ లోపం కావచ్చు, లేదా సెల్ఫ్ మోటారే ఎక్కువ కరెంటు లాగుతుండొచ్చు. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే రెండిట్లో ఏదన్నది తెలుస్తుంది.

తర్వాత డైనమో. ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేసినా 13.5 కంటే తగ్గకూడదు. 14.8 దాటుతుంటే వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, రోహిణి కార్తె ఎండలో ఆ బ్యాటరీ నీళ్లు ఆవిరైపోతాయి. మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టేజ్‌కి మార్చి చూసినప్పుడు 0.5 వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే, డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడ్ ప్లేట్‌లో లోపం. ఇది డీసీ రీడింగ్‌లో దొరకదు. 14 వోల్టులు చూపిస్తూనే డైనమో సగం కరెంటే ఇస్తుంటుంది. అదే డయోడ్ లీకైతే రాత్రంతా బ్యాటరీని వెనక్కి లాగుతుంది కూడా.

కొన్ని హోండాల విషయంలో తొందరపడకూడదు. లోడ్ (కరెంటు వాడకం) తక్కువున్నప్పుడు ఇంజిన్ కంప్యూటరే డైనమోను 12.5 దగ్గరికి తగ్గిస్తుంది. అది చూసి డైనమో పోయిందని చెప్పేవాళ్లు ఉన్నారు. హెడ్‌లైట్లు వేయగానే 14 దాటిందంటే డైనమో బాగానే ఉంది.

కీ ఆన్ చేసినప్పుడు బ్యాటరీ గుర్తు లైటు వెలగాలి. చాలా పాత కార్లలో డైనమోకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. మీటర్ బోర్డులో ఆ చిన్న బల్బు మాడిపోతే, రేస్ గట్టిగా ఇచ్చేదాకా డైనమో చార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. బల్బు మారిస్తే పోయేదానికి డైనమో దించడం అనవసరం.

పాత బండ్లలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది వైరింగ్, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి). ఇంజిన్ నడుస్తుండగా డైనమో ప్లస్ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ పోస్టుకు, డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్ పోస్టుకు వోల్టేజ్ తేడా చూస్తాం. ప్లస్ వైపు 0.3, ఎర్త్ వైపు 0.2 దాటితే ఆ దారిలో తుప్పో, వదులైన బోల్టో, లోపల తెగిన కేబులో ఉంది. మీటర్ ముల్లు కేబుల్ చివరి క్లాంప్ మీద కాదు, బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన పోస్టు మీదే పెట్టాలి. క్లాంప్‌కీ పోస్టుకీ మధ్య ఉన్న లోపం అప్పుడే బయటపడుతుంది. జపాన్ బండ్ల బ్యాటరీ పోస్టు సన్నగా, యూరప్ బండ్లది లావుగా ఉంటుంది, తేడా సుమారు 5 మిల్లీమీటర్లు. సైజు చూడకుండా దొరికిన బ్యాటరీ పెట్టి, ఆ సందులో రేకు ముక్క దోపి బిగించిన బండ్లు చాలా వస్తున్నాయి. చేత్తో ఊపితే గట్టిగానే ఉంటుంది, సెల్ఫ్ కొడితే మాత్రం అక్కడ వేడెక్కి కరెంటు ఆగిపోతుంది. సాన్ స్టార్మ్ లాంటి ఫైబర్ బాడీ కారుకైతే బాడీ గుండా ఎర్త్ అందదు, ప్రతి లైటుకూ ఎర్త్ వైరే దిక్కు. అక్కడ వైర్లన్నీ ఒక్కొక్కటిగా చూడాల్సిందే. మొదటి తరం ఆక్టావియాలో బ్యాటరీ మూత మీదున్న ఫ్యూజ్ బాక్స్ కరిగిపోవడం అందరికీ తెలిసిన జబ్బు. నట్టు వదులై వేడెక్కుతుంది, ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారుతుంది. ఆ రంగు కనిపిస్తే బాక్స్ మార్చాల్సిందే, నట్టు బిగించి పంపడం కుదరదు.

ఇక రాత్రి సంగతి. ఆగి ఉన్న బండి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 300 లాగుతుంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే చార్జ్ కొలత) పోతాయి, 44 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో సగం ఖాళీ. ఆదివారం తీసిన బండి గురువారానికి సెల్ఫ్ తీసుకోదంటే ఆశ్చర్యం లేదు. ఇది కొలవడానికి డోర్ లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు చేసి, కీ దూరంగా పెట్టి, మైనస్ కేబుల్‌కు వరసలో మీటర్ కలుపుతాం. కలపగానే కంప్యూటర్లన్నీ మేల్కొంటాయి, పడుకోవడానికి కొన్ని బండ్లకు 45 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత కూడా ఫ్యూజులు పీకం. పీకి పెడితే మళ్లీ మేల్కొంటాయి. ఫ్యూజ్ వీపు మీదున్న రెండు చిన్న లోహపు చుక్కల మీద ముళ్లు పెట్టి మిల్లీవోల్టులు చూస్తాం. సున్నా అయితే అటు కరెంటు పోవడం లేదు, రీడింగ్ వస్తే ఆ లైన్‌లోనే వెతకాలి. కొన్ని లోపాలు అర్ధరాత్రి ఒకసారి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పట్టుకుంటేనే కనిపిస్తాయి, అందుకే రాత్రంతా రికార్డింగ్ పెట్టాలి. దొరికేవి చాలావరకు ఇవే: మ్యూజిక్ ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే రిమోట్ వైరును డైరెక్ట్ సప్లైకి కలపడం, తర్వాత పెట్టించిన అలారం, జీపీఎస్ ట్రాకర్, డిక్కీలో ఆరని బల్బు, ఆక్టావియాలో డోర్ లాక్ లోపలి మైక్రో స్విచ్. ఆ స్విచ్ పోతే డోర్ తెరిచే ఉందనుకుని బండి పడుకోదు.

డైనమో రిపేరు గురించి కూడా ఒక మాట. కార్బన్లు అరిగి 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే మారుస్తాం, కానీ అవి ఆనుకునే తిరిగే రింగు (స్లిప్ రింగ్) మీద గాడి పడితే కార్బన్లొక్కటే మార్చి పంపం. కొత్త కార్బన్ ఆ గాడిలో సరిగా కూర్చోదు. 6203, 6303 లాంటి బేరింగులు ఇక్కడే దొరుకుతాయి. రెగ్యులేటర్, డయోడ్ ప్లేట్ మోడల్‌ను బట్టి హైదరాబాద్ నుంచి తెప్పించాలి, దానికి టైమ్ పడుతుంది. ఈ విషయంలో ఒత్తిడి చేయొద్దని కోరుతున్నాం.

దయచేసి ఒక పని ఎప్పుడూ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకి డైనమో చూడడం. లోడ్ ఒక్కసారిగా తెగితే వోల్టేజ్ 40 దాటి ఎగురుతుంది. ఇంజిన్ కంప్యూటర్, డయోడ్లు ఆ క్షణంలో పోవచ్చు. ఈ మోడళ్ల కంప్యూటర్లు ఇప్పుడు దొరకడమే కష్టం. అలాగే పూర్తిగా దిగిన బ్యాటరీని జంపర్‌తో స్టార్ట్ చేసి, హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా తిప్పితే నిండదు, పైగా డైనమో వేడెక్కుతుంది. 44 ఆంపియర్ అవర్ బ్యాటరీకి చార్జర్‌తో 4 ఆంపియర్ల చొప్పున పన్నెండు గంటల పైన పెట్టాలి. బ్యాటరీలో నీళ్లు తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఏసీ నుంచి కారిన నీళ్లు, తాగే నీళ్ల బాటిల్ పనికిరావు, యాసిడ్ అసలే వద్దు.

బండి తెచ్చేటప్పుడు రెండు కీలు, స్టీరియో కోడ్ కార్డు ఉంటే అది, బయట పెట్టించిన ఫిట్టింగుల వివరం వెంట తెండి. సాయంత్రం అయిదు లోపు ఇస్తే ఆ రాత్రికే మీటర్ పెట్టగలం. మరుసటి రోజు మధ్యాహ్నానికి రీడింగులన్నీ కాగితం మీద రాసి ఇస్తాం. రిపేరు మా దగ్గరే చేయించాలని లేదు, ఆ కాగితం పట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు.