ఆవిరి ఇంజిన్లకు ఓ కప్పు వేయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న వానల్లో ఒక రైల్వే స్టేషన్ ముందు దిమ్మె మీద నిలబెట్టిన పాత ఆవిరి ఇంజిన్ దగ్గర ఆగాను. దూరానికి నల్లగా నిగనిగలాడుతోంది. దగ్గరికెళ్తే రంగు కింద తుప్పు పొక్కులు, బాయిలర్ మీది రేకు అంచు నుంచి కారుతున్న ఎర్రటి నీళ్లు. మా నాన్న ఆవిరి ఇంజిన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు. ఇంటికొచ్చినా ఆ ఎర్ర నీళ్లే కళ్లముందు మెదిలాయి.

అమెరికాలో చూసిన ఒక ఇంజిన్ కథ అప్పుడే గుర్తొచ్చింది. పెన్సిల్వేనియాలో ఆల్టూనా ఊరికి పడమర కొండల్లో 'హార్స్‌షూ కర్వ్' అనే రైలు మలుపు ఉంది. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనవాళ్లకు కారులో రెండు గంటల దూరం. మా అమ్మాయి తీసుకెళ్తే వెళ్లాను.

ఆ మలుపు కట్టకముందు ఆ కొండలు దాటాలంటే పది ఏటవాలు దారుల మీద బళ్లను తాళ్లతో లాగి ఎక్కించి దించేవారు. నేరుగా పట్టాలు వేద్దామంటే రైలు ఎక్కలేనంత నిటారు. అందుకని ఇంజినీర్ జె. ఎడ్గర్ థామ్సన్ లోయ చుట్టూ గుర్రపు లాడంలా లైను తిప్పాడు. దారి పెరిగితే వాలు తగ్గుతుంది, అంతే కిటుకు. ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు పలుగూ పారలతో కొండ తవ్వి, లోయ పూడ్చారు. 1854 ఫిబ్రవరి 15న రైళ్లు మొదలయ్యాయి. మలుపు పొడవు 2,375 అడుగులు. అది తిరుగుతూనే రైలు కొండ పైకి ఎక్కుతుంది. అరకు వెళ్లే రైల్లో వంపు దగ్గర ముందు పెట్టెలు కనిపిస్తే పిల్లలు కేకలేస్తారు కదా, ఇక్కడ పొడవాటి గూడ్స్ అయితే తలా తోకా ఎదురెదురుగా నడుస్తాయి. ఇంత తిప్పినా బరువైన రైలుకు ఒక ఇంజిన్ చాలదు, తోడు ఇంజిన్ తగిలించాల్సిందే. రెండు ఇంజిన్లలో బొగ్గు మండే ఫైర్‌బాక్సుల ముందు అక్కడి ఫైర్‌మన్లు ఎంత చెమటోడ్చారో మా నాన్న చేతులు చూసిన నాకు తెలుసు.

ఆ లైను మీద పేరు మోసినవి కె4 అనే రకం ఆవిరి ఇంజిన్లు. మొత్తం 425 చేస్తే ఇప్పుడు మిగిలినవి రెండే. వాటిలో 1361 నంబరుది 1918లో ఆల్టూనాలోనే తయారైంది. 1956లో పని నుంచి తప్పించి, 1957లో గౌరవంగా ఆ మలుపు మధ్యనే పెట్టారు. పైన కప్పు లేదు. 28 ఏళ్లు మంచులో, వానలో నిలబడింది. 1985లో కిందికి దించి బాగుచేస్తే 1987లో మళ్లీ నడిచింది. జనం పండగ చేసుకున్నారు. మరుసటి ఏడాదే చెడి ఆగిపోయింది. విప్పి చూస్తే ఒకదాని తర్వాత ఒకటి లోపాలు. ముక్కలు ముక్కలుగా దశాబ్దాలు గడిపింది. అంత డబ్బు, నిపుణులు, అభిమానులు ఉన్నచోటే ఇలా జరిగితే మన ఇంజిన్ల గతి ఏమిటి?

మనవాటిని మళ్లీ నడపమని నేను అడగడం లేదు. ముందు ఒక రేకుల కప్పు వేయమంటున్నాను. పొగగొట్టానికి మూత పెట్టాలి, లేకపోతే వాన నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి. బాయిలర్ చుట్టూ ఉండే వేడి ఆపే పొర తడిస్తే ఆరదు, బయటికి కనపడకుండా ఇనుమును తినేస్తుంది. ఆ పొర తీసి, తుప్పు గీకి, అప్పుడు రంగు వేయాలి. తనిఖీ ఉందంటే పైపైన నల్ల రంగు పూయడం ఇంజిన్‌కు మేలు కాదు. ఈ పనులకు పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

నేను చూసిన ఇంజిన్ దగ్గర ఒక్క బోర్డు కూడా లేదు. ఏ షెడ్డుదో, ఏ లైనులో తిరిగిందో, ఎప్పుడు ఆపారో తెలుగులో రాసి పెట్టాలని రైల్వే అధికారులను కోరుతున్నాను. వాటిని నడిపిన డ్రైవర్లు, ఫైర్‌మన్లలో బతికున్నవాళ్లు బాగా పెద్దవాళ్లయిపోయారు. బోర్డు మీద ఏం రాయాలో వాళ్లను ఈ ఏడాదే అడగాలి.

ఇట్లు,
ఒక ఫైర్‌మన్ కొడుకు,
గుంటూరు జిల్లా