వాతావరణ మార్పుపై జనాభిప్రాయం ప్రాంతానికొక తీరుగా ఎందుకుందో పిల్లలకు నేర్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆదేశించాక, మన పాఠ్యపుస్తకాల్లోకి హరితగృహ వాయువులు, కరిగే హిమానీనదాలు, మొక్కలు నాటాలన్న హితవు వచ్చి చేరాయి. అయితే ఈ విషయంపై జనం ఏమనుకుంటున్నారో, ఒక ప్రాంతం వారికి తోచినది మరో ప్రాంతం వారికి ఎందుకు తోచదో తరగతి గదిలో చర్చకు రావడం అరుదు. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్న నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తోంది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, అభిప్రాయ సేకరణ సంస్థ సీవోటర్ కలిసి 2021 చివర, 2022 ఆరంభంలో మన దేశంలో జరిపిన సర్వేలో, భూతాపం గురించి తమకు కొద్దిగానే తెలుసని, లేదా అసలు ఎన్నడూ వినలేదని 54 శాతం మంది చెప్పారు. అది ఏమిటో చిన్న వివరణ ఇచ్చి అడిగినప్పుడు మాత్రం, నిజంగానే జరుగుతోందని 84 శాతం మంది అన్నారు. దానికి ప్రధాన కారణం మనుషుల పనులేనని చెప్పినవారు 57 శాతమే. చదువు చెప్పని సంగతిని ఎండా వానా చెబుతున్నాయి గానీ, కారణం ఏమిటో అవి చెప్పలేవని ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూపితే తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమవుతుంది.

ఇదే యేల్ బృందం అమెరికాలో కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా అభిప్రాయ పటాలు ప్రచురిస్తోంది. బొగ్గు తవ్వకాలపై బతికే వెస్ట్ వర్జీనియా, వ్యోమింగ్ రాష్ట్రాల్లో భూమి వేడెక్కుతోందని ఒప్పుకునేవారు జాతీయ సగటుకన్నా తక్కువ, కాలిఫోర్నియాలో ఎక్కువ. అక్కడ ఈ తేడాకు జనం ఏ రాజకీయ పార్టీ వైపు ఉన్నారన్నది ఒక పెద్ద కారణం. అయినా పునరుత్పాదక ఇంధన పరిశోధనకు నిధులివ్వాలా అని అడిగితే ఆ బొగ్గు రాష్ట్రాల్లోనూ ఎక్కువమంది అవుననే అంటారు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి ఒక ప్రాంతం మొత్తానికి ముద్ర వేయకూడదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ పటాల్లోని అంకెలు ప్రతి కౌంటీలో ఇంటింటికీ తిరిగి సేకరించినవి కావని, జాతీయ సర్వేల నుంచి గణాంక పద్ధతితో లెక్కగట్టిన అంచనాలని కూడా తప్పకుండా చెప్పాలి.

మన రెండు రాష్ట్రాల్లో తేడాలకు కొదవ లేదు. ఉప్పాడ తీరంలో ఇళ్లనే సముద్రం కోసుకుపోతోంది. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలో వేరుశనగ రైతు దిగులంతా అదును తప్పిన వాన గురించే. విశాఖ వాసికి 2014 నాటి హుద్‌హుద్ తుపాను, విజయవాడ వాసికి 2024 నాటి బుడమేరు వరద గుర్తుకొస్తాయి. సింగరేణి గనులున్న మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల్లో బొగ్గు వాడకం తగ్గించాలా అని అడిగితే, ఆ ప్రశ్న నేరుగా ఇంటి జీతం మీదికి పోతుంది. అక్కడి కుటుంబం తటపటాయిస్తే దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. ఆ తటపటాయింపును అర్థం చేసుకున్న విద్యార్థే రేపు గని కార్మికుడికి ప్రత్యామ్నాయ ఉపాధి ఏమిటని ప్రభుత్వాన్ని అడగగలుగుతాడు.

అభిప్రాయాలను తరగతిలోకి తెస్తే శాస్త్రాన్ని కూడా ఓటింగుకు పెట్టినట్టవుతుందని కొందరు సహోపాధ్యాయులు ఆందోళన చెందుతున్నారు. ఆ ఆందోళన సమంజసమే. బొగ్గు, చమురు మండించడం వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుతోందన్నది ఏ జిల్లాలో ఎంతమంది నమ్మినా, నమ్మకపోయినా మారదు. అందుకే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ముందుగా ఈ పాఠం చెప్పి, ఆ తరువాత సాంఘికశాస్త్రంలో అభిప్రాయాల చర్చ మొదలుపెట్టాలి.

పాఠ్యపుస్తకాలు రూపొందించే రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలకు నా విన్నపం ఒక్కటే. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ఇప్పటికే ప్రాజెక్టు పనులు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని దీనికి కేటాయించి, తీరం, మెట్ట, గనుల ప్రాంతాలలోని పాఠశాలలకు ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి. పిల్లలు తమ ఊళ్లో జవాబులు సేకరించి, ఇతర ప్రాంతాల పాఠశాలలతో పంచుకుని, తేడాలకు కారణాలు రాయాలి. మగవారినే అడిగితే, తెలిసిన ఇళ్లకే వెళితే, మే నెల ఎండల్లో మాత్రమే అడిగితే జవాబులు ఎలా మారిపోతాయో కూడా వారు గమనించాలి. పిల్లలు ఊరివారి జవాబులకు తప్పొప్పులు దిద్దకుండా చూడటం ఉపాధ్యాయుల బాధ్యత. ఇందుకు కొత్త పుస్తకం అక్కర్లేదు. బడులు తెరవకముందే ప్రశ్నపత్రం సిద్ధం చేసి, ఉపాధ్యాయ శిక్షణలో దీనికి ఒక పూట కేటాయిస్తే వచ్చే జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కాకినాడ జిల్లా