హోంవర్క్ ఫోన్‌లో పెట్టి ఫోన్ ముట్టుకోవద్దంటే ఎలా, మంత్రి గారూ?

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారిని నేను. పల్నాడులో ఉంటాను. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో తొమ్మిదో తరగతి చదివే మనవడు సాయంత్రాలు మా దగ్గరే ఉంటాడు. ఈ ఉత్తరం రాయడానికి కారణం వాడే. అయితే వాడి ఒక్కడి గొడవే అయితే ఇంట్లోనే తేల్చుకునేవాణ్ణి, మీదాకా వచ్చేవాణ్ణి కాదు.

రోజూ రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య మా ఆవిడ ఫోన్ మోగుతుంది. వాడు చదివే ప్రైవేటు స్కూలు వాట్సాప్ గ్రూపులో ఆరు సబ్జెక్టుల హోంవర్క్ వచ్చి పడుతుంది. కొన్ని ఫొటోలు, కొన్ని పీడీఎఫ్‌లు, ఒక యూట్యూబ్ లింకు. ఆ లింకులో పాఠం ఏడు నిమిషాలే. అది అయిపోగానే దాని కిందే ఇంకేవేవో వరసగా వస్తుంటాయి. తొమ్మిదింటికి వెళ్లి చూస్తే నోట్‌బుక్ తెరిచి ఉంటుంది, పెన్ను మూత తీసి ఉంటుంది, వాడు మాత్రం రీల్స్ చూస్తుంటాడు. ఫోన్ లాక్కోబోతే "హోంవర్క్ చేస్తున్నా తాతయ్యా" అంటాడు. పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం, అలాగని నమ్మనూ లేం.

అదే స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే, "పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి, చెడిపోతున్నారు" అని మైకులో అరగంట చెప్పారు. ఇంటికొచ్చేసరికి ఆ ఉపన్యాసం వీడియో కూడా గ్రూపులో పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తప్పంతా వాళ్ల మీదకు నెట్టడం లేదు. నాకూ వాటా ఉంది. 2020 మార్చిలో బడులు మూతపడి, నవంబర్ 2 దాకా తెరుచుకోలేదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి కానీ, చాలామందికి ఫోనే బడి అయింది. అప్పో సప్పో చేసి ఒక ఫోన్ కొనమని నేనే ముగ్గురు నలుగురు తండ్రులకు చెప్పాను. బడులు తెరిచాక పిల్లలు క్లాసుకు తిరిగొచ్చారు, ఫోన్లు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత 2022, 2023 డిసెంబర్లలో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. వాటితో బాగుపడ్డ పిల్లలు లేకపోలేదు. జీవశాస్త్రం పాఠం రెండుసార్లు చూసి, మూడోరోజు నాకే బొమ్మ వేసి చూపించిన అమ్మాయి ఇంకా గుర్తుంది. కానీ ట్యాబుకు వేసిన తాళం తీయడం మా పిల్లలు వారం తిరక్కముందే నేర్చుకున్నారు. మేము బీజగణితం నేర్పడానికి ఆర్నెల్లు తంటాలు పడేవాళ్లం!

రిటైరయ్యే ముందు ఏడాది నా క్లాసులో ఒక కుర్రాడుండేవాడు. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి మిరప కోతలకు వెళ్తుంది. ఎనిమిదిలో లెక్కలంటే ప్రాణం పెట్టినవాడు తొమ్మిదిలోకి వచ్చాక మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేసేవాడు. ఇంట్లో పనేమో అనుకున్నాను. తల్లిని పిలిపిస్తే అసలు సంగతి బయటపడింది. రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో ఒంటిగంట దాకా తుపాకుల ఆట. ఆ ఆటలో బట్టలు, తుపాకులు కొనుక్కోవడానికి ఆమె ఖాతాలోని పొదుపు సంఘం డబ్బు పద్నాలుగు వందలు మూడు విడతలుగా పోయింది. వాడు పిన్ నంబర్ దొంగిలించలేదు. చదువురాని తల్లికి వాడే పిన్ పెట్టి ఇచ్చాడు. "ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తున్నాడు మాస్టారూ, ఏం చెయ్యమంటారు?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను వాణ్ణి తిట్టాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

తిట్టి ఉండాల్సింది కాదని ఇప్పుడు అనిపిస్తోంది. మా రోజుల్లో ఎంత సినిమా పిచ్చి ఉన్నా రెండున్నర గంటలకు శుభం కార్డు పడేది, హాల్లో లైట్లు వెలిగేవి. రీల్స్‌కి శుభం కార్డు లేదు. ఒకటి అయ్యేలోపే ఇంకొకటి వస్తుంది, వచ్చేది ఎలా ఉంటుందో తెలియదు, ఆ తెలియకపోవడమే వేలిని ఆగనివ్వదు. పెద్ద చదువులు చదివిన ఇంజినీర్లు కూర్చుని తయారుచేసిన దానితో పద్నాలుగేళ్ల కుర్రాడు పోటీపడి గెలవాలంటున్నాం.

ఫోన్ చూసే ప్రతి పిల్లవాడూ రోగి కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆటల మీద అదుపు తప్పి, మిగతా పనులన్నీ వెనక్కిపోయి, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల జాబితాలో చేర్చింది. మామూలుగా ఏడాది పాటు గమనించి గానీ ఆ పేరు పెట్టకూడదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటివాళ్ల కోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ ఉంది. మిరప కోతలకు వెళ్లే తల్లి బిడ్డను తీసుకుని బెంగళూరు వెళ్తుందా? విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. కేసు మన రాష్ట్రానిది, కనీసం మనమైనా ముందు అమలు చేయాలి కదా. నేను పనిచేసిన ఏ బడిలోనూ కౌన్సెలర్ అనే మనిషిని చూడలేదు. మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసే టెలీ మానస్ నంబర్ 14416. ఇది కూడా రిటైరయ్యాకే తెలిసింది నాకు.

నిషేధం గురించి ఒక మాట. 2025 డిసెంబర్ 10 నుంచి ఆస్ట్రేలియాలో పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్నారు. మన దగ్గరా అలాంటి మాటలు వినిపిస్తున్నాయి. పెట్టండి, కాదనను. కానీ మన ఇళ్లలో చాలా మంది పిల్లలు వాడేది అమ్మ ఫోను, అమ్మ పేరున్న ఖాతా. చట్టం దృష్టిలో రాత్రి ఒంటిగంటకు రీల్స్ చూస్తున్నది మిరప కోతల తల్లి! పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగి రాసిన అసర్ అనే సర్వే 2024 నివేదిక ప్రకారం, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లలో అంతకు ముందు వారంలో ఫోన్‌ను చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఆ 57లోనే 76కి దారి ఉందని నా అనుమానం. మనవణ్ణి చూశాక ఆ అనుమానం బలపడింది.

అందుకే ముందుగా మీ చేతిలో ఉన్న పని చేయమంటున్నాను. పదో తరగతి దాకా ఏ స్కూలూ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, హోంవర్క్‌ను ఫోన్‌లో ఇవ్వకూడదని ఉత్తర్వు వేయండి. పాత డైరీ మళ్లీ రావాలి. టీచర్ బోర్డు మీద రాస్తే పిల్లలు రాసుకుంటారు, పెద్దవాళ్లు సంతకం పెడతారు. సెలవు వార్త, ఫీజు వార్త గ్రూపులో పెట్టుకోండి, అవి పెద్దవాళ్ల పనులు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కాంట్రాక్టర్ అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ తట్టలేదేమో.

మెగా పేరెంట్ మీటింగుల్లో ఉపన్యాసాలు తగ్గించి ఒక అరగంట తల్లులకు ఇవ్వండి. ఆటోప్లే, అంటే ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే రావడం, ఎలా ఆపాలో, పిల్లలకు తెలియకుండా పిన్ ఎలా మార్చుకోవాలో వాళ్ల ఫోన్లోనే చేసి చూపించమనండి. ఇక ఆట విషయం. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే బడికి ఆటస్థలం ఉండాలని ఉంది. మా ఊళ్లో మూడంతస్తుల బిల్డింగుల్లో నడిచే స్కూళ్లకు పార్కింగే ఆటస్థలం. ఫోన్ లాక్కున్న సాయంత్రం మనవడు "మరి ఏం చెయ్యను?" అని అడుగుతాడు. వాడితో నేను ఎన్నిసార్లని చదరంగం ఆడను? పైగా ఈ మధ్య వాడే గెలుస్తున్నాడు.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ హోంవర్క్ ఉత్తర్వు ఒక్కటి వస్తే చాలు, మిగతావి నెమ్మదిగా చూడవచ్చు. ఆ సర్క్యులర్ కూడా హెడ్మాస్టర్లకు వాట్సాప్‌లోనే వస్తుందని నాకు తెలుసు. ఆ ఒక్కదానికి నాకేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
పల్నాడు జిల్లా