కొట్టేసిన అట్రాసిటీ కేసులన్నీ అబద్ధం కేసులు కావు

సంపాదకుల గారికి,

ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో చాలావాటికి శిక్షలు పడడం లేదని మీ పత్రికలో వచ్చిన వార్తను బస్సులో ఒకాయన పైకి చదివి, "అబద్ధం కేసులు ఎట్లా నిలబడతాయి?" అన్నారు. ఎవరూ కాదనలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కృష్ణా డెల్టాలో ఓ పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. మా అన్నయ్య కొడుకు కేసు మొదట్నుంచీ దగ్గరుండి చూశాను.

చెరువుగట్టు మీద బండి పక్కకు తియ్యలేదని వాణ్ణి కులం పేరుతో తిట్టి, కర్రలతో కొట్టారు. అడ్డం పోయిన మా వదిననూ తిట్టారు. కేసు కట్టారు, డీఎస్పీ గారు ఊరికి వచ్చి విచారించారు, చార్జిషీటు వేశారు. అంతవరకు నాకు ఫిర్యాదు లేదు. కోర్టుకు వెళ్లాకే మా తరఫున మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు.

ముద్దాయిలకు బెయిల్ వచ్చిన సంగతి, వాళ్లు ఊళ్లో దిగి టపాసులు కాల్చినప్పుడు తెలిసింది మాకు. ఆ రాత్రి మా వాణ్ణి పొరుగూరు పంపేశాం. అట్రాసిటీ చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణలో 15ఎ సెక్షన్ అని ఒకటుంది. బెయిల్‌తో సహా ప్రతి విచారణ గురించి బాధితులకు ముందుగా తెలియజేయాలి, వాళ్లు చెప్పుకునేది కోర్టు వినాలి. తెలియజేయాల్సిన బాధ్యత స్పెషల్ పీపీది (ఈ కేసులు ప్రభుత్వం తరఫున వాదించే లాయరు, పబ్లిక్ ప్రాసిక్యూటర్), లేదా ప్రభుత్వానిది. రాజస్థాన్ కేసొకదానిలో నోటీసు ఇవ్వకుండా వచ్చిన బెయిల్‌ను 2021లో సుప్రీంకోర్టు రద్దు చేసింది కూడా. ఇవన్నీ తర్వాతెప్పుడో తెలిసినాయన చెబితే విన్నాం.

సాక్ష్యం రోజున వదినకు తోడు నేనే వెళ్లాను. ఆడ సాక్షి తనకు ఇష్టమైన మనిషిని తోడు తెచ్చుకోవచ్చని ఈ చట్టం కింద చేసిన 1995 రూల్స్‌లో ఉంది. పీపీ గారిని మేం చూడడం అదే మొదలు. వరండాలో నిలబడి ఫైలు తిరగేస్తూ, "జరిగింది జరిగినట్టు చెప్పమ్మా" అని లోపలికి వెళ్లిపోయారు. బోనెక్కాక "ఏమని తిట్టారు?" అని అడిగితే వదిన తల దించుకుంది. జడ్జి గారి ముందు, అంతమంది మగవాళ్ల మధ్య ఆ మాటలు ఆవిడ నోటికి రాలేదు. "అనరాని మాటలు అన్నారండీ" అంది. మళ్లీ అడిగినా అదే చెప్పింది. "అక్కడ ఇంకెవరున్నారు?" అని అవతలి లాయరు అడిగితే "మా వాళ్లేనండీ" అంది. గట్టు అవతల టీకొట్టు దగ్గర నిలబడి చూసిన మనుషులు ఆవిడకు ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

కులం పేరుతో తిట్టారనే సెక్షన్‌లో తిట్టిన మాట ఏమిటో చెప్పాలి. నలుగురికీ కనబడే, వినబడే చోట తిట్టారని రుజువు కావాలి. ఒక్క గంట ముందు కూర్చోబెట్టి, "సిగ్గుపడకుండా ఆ మాట పైకి చెప్పాలమ్మా, ఎవరెవరు చూశారో గుర్తు చేసుకో" అని ఎవరైనా చెప్పి ఉంటే చాలు. చివరికి కొట్టినందుకు జరిమానా వేసి, అట్రాసిటీ సెక్షన్లు కొట్టేశారు. బస్సులో ఆయన లెక్కన ఇప్పుడు మాదీ అబద్ధం కేసే.

పీపీ గారు చెడ్డవారని నేననడం లేదు. ఆ ఉదయం ఆయన చంకలో ఉన్న ఫైళ్ల కట్ట నేను చూశాను. పైగా ప్రభుత్వం మారితే పీపీలూ మారతారు. కొత్తాయన వచ్చి పాత ఫైలు మొదట్నుంచి చదువుకోవాలి, సాక్షులేమో అప్పటికి విసిగిపోతారు. ట్రయల్ రెండు నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది. వెంకటాయపాలెంలో దళితులకు శిరోముండనం చేసింది 1996లో అయితే, తీర్పు వచ్చింది 2024లో.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు బాధితులు పట్టుబట్టి కోర్టునే ఊళ్లోకి రప్పించుకున్నారు. తమకు నమ్మకమున్న లాయర్ని స్పెషల్ పీపీగా వేయించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అదంతా అలా ఉంచినా, కూలీనాలీ చేసుకునేవాళ్లు అన్నేళ్ల తర్వాత కూడా బోనెక్కి నిలబడ్డారంటే తమ మాట వినే పీపీ ఉన్నారన్న ధైర్యం వల్లే. కారంచేడులో దళితులను చంపిన తర్వాత బొజ్జా తారకం గారు ప్రభుత్వ ప్లీడర్ పదవి వదిలేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. ఇప్పుడు పదవి వదలక్కర్లేదు, పదవిలో ఉండే బాధితుల పక్షాన నిలబడమని చట్టమే చెబుతోంది.

బాధితులు కోరితే పేరున్న సీనియర్ లాయర్ని ప్రభుత్వ ఖర్చుతో పెట్టించే అధికారం కలెక్టరుకు ఉంది. ఆ సంగతి మా పేటలో ఒక్కరికీ తెలియదు. ఎఫ్ఐఆర్ కాపీతోపాటే ఈ హక్కులన్నీ తెలుగులో రాసిన కాగితం ఒకటి చేతికివ్వండి. సాక్షుల దారి ఖర్చులు రూల్ ప్రకారం మూడు రోజుల్లోపు ఇప్పించండి. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు అది చిన్న డబ్బు కాదు. జనవరిలో, జూలైలో కలెక్టరు పీపీల పనితీరు చూడాలి కదా, అప్పుడు ఎన్ని కేసులు అయిపోయాయని మాత్రమే కాదు, బెయిల్ సంగతి ఎంతమంది బాధితులకు ముందుగా చెప్పారో, ఎంతమంది సాక్షులతో ముందు రోజు కూర్చున్నారో కూడా అడగాలి.

మా కేసులో ప్రభుత్వం తరఫున హైకోర్టుకు అప్పీలు వేయమని అర్జీ ఇచ్చాం. గడువు దాటకముందే ఏ సంగతో తేల్చి చెప్పమని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)