పికప్ టైరు పక్కన రాసిన అంకెల సంగతి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆటోమొబైల్ పేజీలో పికప్ బండ్లకు ఆల్ టెరైన్ (ఏటీ) టైర్ల గురించి, అంటే తారు రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే టైర్ల గురించి, వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, ధరల పట్టిక కూడా బాగుంది. ఏ టైరు ఎంత బరువు మోస్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు. సరుకు బండికి టైర్లు చెబుతూ బరువు సంగతే వదిలేస్తే ఎట్లా? అందుకే ఈ ఉత్తరం.

నాది శంకర్‌పల్లి రోడ్డులో మొక్కల నర్సరీ. మా పికప్ మొక్కలు, సిమెంటు కుండీలు, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు మోస్తుంది. కొత్త సరుకు కోసం కడియం వెళ్లినప్పుడు రాత్రంతా విజయవాడ హైవే మీదే పరుగు. మిగతా రోజుల్లో చేవెళ్ల, వికారాబాద్ వైపు ఫాంప్లాట్లకు డెలివరీలు. తారు రోడ్డు దిగాక అక్కడ ఉండేది బండ్ల బాటే. చాలాచోట్ల అది నల్లరేగడి. పైగా కంచెకు పాతిన రాతి కడీలు విరిగి ముక్కలు దారి పక్కనే పడి ఉంటాయి. వాటి అంచు కత్తికేం తీసిపోదు. టైరు నడినెత్తిన మేకు దిగితే పంక్చర్ షాపులో పని అయిపోతుంది. పక్క గోడ చీలిందంటే మాత్రం ఏ ప్యాచూ నిలవదు, టైరు పారేయాల్సిందే. మా బండికి ఏటీ టైర్లు వేయించింది ఈ కడీ ముక్కల భయంతోనే. వాటి పక్క గోడల మీద అదనంగా రబ్బరు గుబ్బలు ఉంటాయి, భుజాలు మందంగా ఉంటాయి. బండి అందంగా కనిపిస్తుందని మా డ్రైవర్ సంబరపడ్డాడు, అది వేరే విషయం.

ఇక బరువు. ప్రతి టైరు పక్కనా 235/75 ఆర్15 లాగా సైజు ఉంటుంది. ఆ వెంటనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకెనే లోడ్ ఇండెక్స్ అంటారు. అది కిలోల్లో ఉండదు, దానికో పట్టిక ఉంది. 100 అంటే 800 కిలోలు, 105 అంటే 925, 109 అంటే 1030, 112 అంటే 1120. ఆ టైరు తన పూర్తి గాలితో మోయగలిగే గరిష్ఠ బరువు అది. కొన్నిటి మీద 104/101 అని రెండంకెలు కనిపిస్తాయి. మొదటిది ఒంటి చక్రానికి, రెండోది జంట చక్రాలకు. మన పికప్‌లకు వెనక అటొకటి ఇటొకటి మాత్రమే ఉంటాయి కాబట్టి మొదటి అంకె చూసుకుంటే చాలు. పక్కనున్న అక్షరం వేగానిది. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, క్యూ అంటే 160. లోడుతో ఉన్న పికప్ ఆ వేగాల జోలికే వెళ్లకూడదు గనుక దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు.

ఒకే సైజులో 105 టైరూ దొరుకుతుంది, 109 టైరూ దొరుకుతుంది. గుబ్బలు చూస్తే రెండూ ఒకేలా ఉండొచ్చు. ఒక షాపులో నేను 109 అడిగితే 105 తెచ్చి ముందు పెట్టి, "సేమ్ సైజే కదా మేడమ్, ఏం తేడా ఉండదు" అన్నారు. నాతో ఆ ఒక్క ముక్క చెప్పి, టైరు ఎంత దమ్మున్నదో మా డ్రైవర్‌కు వివరించడం మొదలుపెట్టారు. డబ్బులిచ్చేది నేను. తేడా ఎంతో ఇక్కడ లెక్క కడతాను. ట్రేలో వేసిన సరుకులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక రెండు టైర్లు 109వైతే కలిపి 2060 కిలోలు, 105వైతే 1850. అంటే 210 కిలోల తేడా, నాలుగు సిమెంటు బస్తాల పైమాటే. మా సరుకులో ఇంకో తిరకాసు ఉంది. కుండీలకు నీళ్లు పెట్టాక ఎక్కిస్తే అదే ట్రే, అవే మొక్కలు, బరువు మాత్రం బాగా పెరుగుతుంది. ట్రే ఎంత నిండిందో చూసి బరువు అంచనా వేసేవాళ్లు వానాకాలంలో తప్పకుండా దెబ్బతింటారు. ధర్మకాంటా మీద తూకం వేయిస్తే పోయేదేముంది?

డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు ఫోర్డ్ ఎఫ్-250 నడుపుతాడు. అక్కడ హెవీ డ్యూటీ పికప్ అంటే ఆ తరగతి బండ్లు. "పిన్నీ, మేం ముందు ఎల్‌టీ అనే అక్షరాలు, ఆ తర్వాత లోడ్ రేంజ్ చూస్తాం" అన్నాడు. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ టైరు. లోడ్ రేంజ్ అంటే టైరు గట్టితనం తరగతి, ప్లై దాని కొలత. వాళ్ల లెక్కలో 'సీ' అంటే 6 ప్లై, 'డీ' అంటే 8, 'ఈ' అంటే 10. 'ఈ' అక్షరం టైర్లలో చాలావాటికి 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి పడుతుంది. మన పిల్లలు ఆ అమెరికా వీడియోలు చూసి మన బండ్లకు 10 ప్లై టైర్లు కావాలంటారు. తీరా వేయించాక కారుకు కొట్టించినట్టు 32, 35 పీఎస్ఐ కొట్టించి తిరుగుతారు. ఎల్‌టీ టైరు తన పూర్తి బరువు మోయాలంటే దానికి తగ్గ గాలి ఉండి తీరాలి. గాలి చాలకపోతే పది ప్లైలున్నా ఉపయోగం లేదు. అలాగని ఖాళీ బండికి నిండా గాలి పెడితే నడుము విరుగుతుంది, టైరు నడిమి భాగమే ముందు అరుగుతుంది. ఎంత పెట్టాలో డ్రైవర్ వైపు డోరు దగ్గర స్టిక్కర్ మీద గానీ బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. ఖాళీకి ఒక లెక్క, లోడుకు ఒక లెక్క. టైరు రకం మారితే ఆ లెక్క టైరు కంపెనీ పట్టికతో సరిచూసుకోవాలి.

గాలి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాస్తాను. "ఎండకాలం గద అక్కా, గాలి జర తక్కువ కొట్టిస్తే పగలదు" అని మా డ్రైవరే కాదు, హైదరాబాద్‌లో సగం పంక్చర్ షాపులు చెప్తాయి. జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. గాలి తక్కువైతే ప్రతి చుట్టులోనూ పక్క గోడ ఎక్కువ వంగుతుంది, వంగేకొద్దీ లోపల వేడి పుడుతుంది. దానికి లోడు, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వేగం, మే నెల రోడ్డు వేడి కలిస్తే లోపలి పొరలు విడిపోతాయి. ఏటీ టైరుకు పైన మందపాటి రబ్బరు కాబట్టి ఆ వేడి తొందరగా బయటికి పోదు. పరుగు తీసిన బండికి మధ్యాహ్నం గేజీ పెడితే పొద్దుటి కంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపించడం మామూలే. అది చూసి గాలి వదిలేస్తే రాత్రి చల్లబడ్డాక టైరులో ఉండాల్సిన గాలి ఉండదు. తెల్లారి బండి కదలకముందు చూసిందే అసలు లెక్క. మా షెడ్డులో చిన్న కంప్రెసర్, గేజీ పెట్టుకున్నాక ఈ వాదన ఆగిపోయింది.

ఏటీ టైర్లంటే ఎగిరి గంతేసేవాళ్లకు మరో మాట. రేగడిలో వాన పడ్డాక ఆ మట్టి టైరు గాడుల్లో పేరుకుని చక్రం అట్ల పెనంలా నున్నగా అయిపోతుంది. ఏటీకి అంత జిగురు మట్టిని విదిలించుకునే శక్తి ఉండదు, ఆ పని కోసం తయారైనవి మడ్ టెరైన్ టైర్లు. అవి హైవే మీద హోరెత్తిస్తాయి, త్వరగా అరుగుతాయి. ఎర్ర చెల్కల్లో, కంకర బాటల్లో మాత్రం ఏటీ భేషుగ్గా పనిచేస్తుంది. గాడుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లను వారానికోసారి స్క్రూడ్రైవర్‌తో తీయించాలి, లేకపోతే అవి రబ్బరును తొలుచుకుంటూ లోపలికి వెళ్తాయి. తడి తారు మీద ఇవి హైవే టైర్ల కంటే కొంచెం దూరం వెళ్లి ఆగుతాయి. డీజిల్ కూడా కొంచెం ఎక్కువ తాగుతాయి. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కాలనీలకు కూరగాయలు తోలే బండికి ఇవెందుకో నాకు అర్థం కాదు. దానికి సరిపడా లోడ్ ఇండెక్స్ ఉన్న మామూలు హైవే టైరు చాలు, మిగిలిన డబ్బుతో మంచి స్టెప్నీ కొనుక్కోవచ్చు.

మీ వ్యాసంలో మంచుకొండ బొమ్మ ఉన్న టైరును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ గుర్తు మంచులో పట్టు కోసం చేసిన పరీక్ష పాసైందని చెప్తుంది. మనకు మంచు ఏది? ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడమని రాసి ఉంటే ఇంకా ఉపయోగంగా ఉండేది.

తయారీ తేదీ సంగతి కూడా ఉంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 3223 అంటే 2023లో 32వ వారం. ఈ అంకెలు చాలా టైర్లకు ఒకవైపే ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వైపు లోపలికి పోయిందంటే బండి కింద దూరి చూడాల్సిందే. అందుకే డిస్కుకు ఎక్కించక ముందే నాలుగింటి అంకెలూ ఫోన్‌లో ఫొటో తీసుకుంటాను. పెద్ద సైజు వేయిస్తే బండి ఎత్తుగా కనిపిస్తుందని ఆశపడే వాళ్లు మీటరు తక్కువ వేగం చూపిస్తుందని, ఆర్సీలో లేని సైజుతో ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర గొడవ రావచ్చని గుర్తు పెట్టుకోవాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి రెండు కొత్తవి, రెండు అరిగినవి వేయడం కూడా మంచిది కాదు, గేర్ల మీద భారం పడుతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా పది వేలుండే టైరు మీద వెయ్యి రూపాయలు మిగులుతాయి. ఆ వెయ్యి ఎక్కువ లోడ్ ఇండెక్స్ మీద పెట్టమనే నా సలహా. బిల్లులో మాత్రం ఇప్పటికీ చాలా షాపులు కంపెనీ పేరు, సైజు రాసి ఊరుకుంటున్నాయి. లోడ్ ఇండెక్స్, తయారీ వారం కూడా బిల్లు మీద రాయించే నిబంధన పెడితే "సేమ్ సైజే కదా" అనే మాటకు తావుండదు. రవాణా శాఖ గానీ తూనికలు కొలతల శాఖ గానీ ఆ పని చేయొచ్చు. అది జరిగేలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. వచ్చేసారి టైర్ల పట్టిక వేసినప్పుడు ధర గడి పక్కన కిలోల గడి కూడా వేయండి.

ఇట్లు,
ఒక నర్సరీ యజమానురాలు,
శంకర్‌పల్లి రోడ్డు, హైదరాబాద్