కార్పెట్‌కు అంటిన గమ్‌కు పెట్రోలు మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా విశాఖ కార్లన్నీ అరకు దారి పడతాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పకుండా పిల్లల చేతికి చూయింగ్ గమ్ ఇస్తారు. అది నోట్లోంచి జారి కింద పడుతుంది, దాని మీద ఎవరిదో చెప్పుకాలు పడుతుంది. తిరిగొచ్చాక వాటర్ వాష్‌కు ఇస్తే చాలాచోట్ల పెట్రోలులో ముంచిన గుడ్డతో రుద్దేస్తారు. గమ్ మాయమైనట్టే ఉంటుంది. కొన్ని వారాలు తిరిగేసరికి అదే చోట అరచేయంత నల్లమచ్చ తేలుతుంది. కార్ల ఇంటీరియర్ పని చేసే మేము ఈ మచ్చల గురించి, వాటికంటే ముఖ్యంగా పెట్రోలు గురించి మీ పాఠకులకు చెప్పాలనుకుంటున్నాం.

గమ్‌లోని చక్కెర, పుదీనా రుచి నమిలేకొద్దీ కరిగిపోతాయి. మిగిలేది రబ్బరు లాంటి ముద్ద. నీళ్లు ఎన్ని పోసినా అది కరగదు. పెట్రోలుకు, థిన్నర్‌కు కరుగుతుంది, నిజమే. కానీ కరిగిన గమ్ బయటకు రాదు. పలచబడి పోగుల మొదళ్లలోకి దిగుతుంది, పెట్రోలు ఆరిపోయాక అక్కడే జిగటగా పరుచుకుంటుంది. చెప్పుల మట్టి, బీచ్ రోడ్డు ఇసుకలోని సన్నపొడి దానికి పట్టేసి నల్లబడుతుంది. కార్పెట్ అడుగున పోగులను పట్టి ఉంచే జిగురు పొర కూడా మెత్తబడి, అక్కడ పోగులు ఊడటం మొదలవుతుంది. ఇదంతా డబ్బుతో పోయే నష్టం. ప్రాణాలకు ముప్పు వేరే ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి తలుపులు తీసినా కాళ్ల దగ్గరే నిలిచిపోతుంది. ఆ వెంటనే వాక్యూమ్ క్లీనర్ పెడితే మోటారులో పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు. వాష్ సెంటర్ల యజమానులు ఈ పద్ధతిని ఈరోజే ఆపించాలని చేతులు జోడించి అడుగుతున్నాం.

నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే రంగు పోవచ్చు, పక్కనున్న ప్లాస్టిక్ కరగవచ్చు. ఇస్త్రీపెట్టె అసలు దగ్గరకు రానివ్వకండి. కార్పెట్ పోగులు ఎక్కువగా ప్లాస్టిక్ జాతివే, ఆ వేడికి ముద్దకట్టి గమ్‌తో కలిసి అతుక్కుపోతాయి.

గమ్‌కు విరుగుడు చలి. వెచ్చగా ఉంటే సాగుతుంది, చల్లబడితే గట్టిపడి పెళుసుగా విరుగుతుంది. బయటకు తీయగలిగే మ్యాట్ అయితే పని చాలా సులువు. దులిపి, పాలిథిన్ సంచిలో చుట్టి, గంట నుంచి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. తీసిన వెంటనే వెనక్కి వంచితే గమ్ పలుకులుగా ఊడొస్తుంది.

కారుకే బిగించిన కార్పెట్ అయితే ఓపిక కావాలి. మన ఊరి ఉక్కలో పగటిపూట ఈ పని పెట్టుకోవద్దు, ఎండలో నిలిపిన కారులో గమ్ పాకంలా ఉంటుంది. తెల్లవారుజామున, నీడలో మొదలుపెట్టండి. ముందు చుట్టుపక్కల ఇసుకను వాక్యూమ్‌తో లాగేయాలి, లేకపోతే గీకేటప్పుడు ఇసుక రేణువులు పోగులను కోస్తాయి. 6 నుంచి 8 ఐసు ముక్కలు ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు కవర్లలో వేసి మూతి గట్టిగా కట్టి, గమ్ మీద 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. చెప్పుకింద నలిగి లోపలికి దిగిన గమ్‌కు 20 నిమిషాలు పడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కవరు బయట చెమ్మ పడుతూనే ఉంటుంది. నాలుగైదు నిమిషాలకోసారి పొడిగుడ్డతో తుడవండి. చాలామంది తొందరపడి ఐసును నేరుగా కార్పెట్ మీద పెడతారు. ఆ నీరు కింద ఉన్న మెత్త పొరలోకి దిగితే మన వాతావరణంలో రోజుల తరబడి ఆరదు. ముక్క వాసన వస్తుంది, ఇంకా అలాగే ఉంటే అడుగు రేకు తుప్పు పడుతుంది.

గోటితో నొక్కితే గుంట పడకపోతే గమ్ సిద్ధమైనట్టు. స్టీలు చెంచా వెనుకవైపుతో మెల్లగా తట్టి పగలగొట్టండి. పాత ఏటీఎం కార్డు అంచుతో బయటి నుంచి మధ్యకు గీకండి, రెండో చేతి వేళ్లతో చుట్టూ పోగులను అదిమి పట్టుకోండి. బ్లేడు వద్దు. ఊడిన పలుకులను అప్పటికప్పుడు వాక్యూమ్‌తో లాగేయాలి. రెండు మూడు నిమిషాలు వదిలేసినా మెత్తబడి ఇంకోచోట అంటుకుంటాయి. సాగడం మొదలైందంటే లాగకుండా మళ్లీ ఐసు పెట్టండి. ఒక్కసారికే మొత్తం రాదు, రెండు మూడు విడతలు మామూలే.

చివరికి పోగుల మొదట్లో పలచని జిగట మిగులుతుంది. దానికి మందుల షాపులో దొరికే నీలగిరి తైలం మంచిది. ముందు సీటు కింద కనపడని చోట ఒక చుక్క వేసి, తెల్లగుడ్డకు రంగు అంటకపోతేనే వాడండి. 3, 4 చుక్కలు గుడ్డమీద వేసుకుని అద్దాలి, కార్పెట్ మీద పోయకూడదు. రెండు నిమిషాలు ఆగి పాత టూత్‌బ్రష్‌తో బయటి నుంచి లోపలికి లేపి, శుభ్రమైన తెల్లగుడ్డతో ఒత్తి తీయాలి. ఈ తైలానికీ మంట అంటుకుంటుంది కాబట్టి తలుపులు తెరిచే ఉంచండి, ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి. కొబ్బరినూనె కూడా జిగటను వదిలిస్తుంది. కాకపోతే దాని జిడ్డు వదిలించడం ఇంకో పని. డ్రైవరు కాళ్ల దగ్గర మాత్రం కొబ్బరినూనె వద్దే వద్దు. ఆ జిడ్డు చెప్పు అడుగుకు అంటితే బ్రేకు పెడల్ మీద కాలు జారుతుంది.

తర్వాత గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నురుగును మాత్రమే గుడ్డతో అద్దండి. తీపి మిగిలితే చీమలు పట్టే ఊరు మనది, ఆ బెడద కూడా దీంతో పోతుంది. గట్టిగా పిండిన తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి సబ్బు తీసేయకపోతే దుమ్ము మళ్లీ అక్కడే చేరుతుంది. పొడి తువ్వాలు వేసి బరువుగా ఒత్తి, తలుపులు తీసి 3, 4 గంటలు ఫ్యాను గాలి తగలనివ్వండి. వానల రోజుల్లో ఏసీ గాలిని కాళ్లవైపు తిప్పితే తొందరగా ఆరుతుంది, అయితే మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. ఆరాక డ్రైవరు మ్యాట్‌ను కొక్కేలకు తగిలించడం మరవద్దు. మ్యాట్ ముందుకు జరిగితే యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటుంది.

సీటు కింద పనిచేసేటప్పుడు అక్కడ కనిపించే పసుపు కనెక్టర్లను, వైర్లను కదపకండి, తడపకండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి. సీటు బెల్టుకు గమ్ అంటితే ఐసు, సబ్బునీళ్లు తప్ప తైలం, థిన్నర్ ఏదీ వాడొద్దు, నేత బలం తగ్గిపోతుంది.

ఇంత చేసినా రాని గమ్ ఉంటుంది, ముఖ్యంగా పెట్రోలుతో ఒకసారి రుద్దినది. అప్పుడు చిన్న కత్తెరతో పోగుల కొసలు ఒకటి రెండు మిల్లీమీటర్లు కత్తిరించవచ్చు. అంతకు మించి కత్తిరిస్తే బోడిగా కనబడుతుంది. అలాంటప్పుడు సీటు కింద నుంచి అదే కొలత ముక్క కోసి ఆ చోట అతికించడం మేలు. పోగుల వాలు చుట్టుపక్కల వాలుతో కలిసేలా ముక్కను తిప్పి పెట్టమని పనివాడికి ముందే చెప్పండి.

ఇట్లు,
కారు ఇంటీరియర్ పనివాళ్లం,
గాజువాక, విశాఖపట్నం